జవాబు రాకుండా బంద్ చెయ్యొద్దు

మా హోటల్ వరండాల్లో ఇప్పుడు మనిషి నడిస్తే లైటు వెలుగుతుంది, మనిషి దాటిపోతే ఆరిపోతుంది. దిగినవాళ్లు అది చూసి ముచ్చటపడతారు. పిల్లలైతే కావాలని అటూ ఇటూ పరిగెత్తి ఆడుకుంటారు. కరెంటు ఎంత ఆదా అవుతోందో మా ఓనరు వచ్చిన వాళ్లందరికీ చెప్పుకుంటాడు. నిజమే, ఆదా అవుతోంది. కానీ నాకు ఆ లైట్లంటే ఒళ్లు మంట. అడగకుండా వెలగడమేమిటి, చెప్పకుండా ఆరడమేమిటి? మర్యాద తెలియని లైట్లు. మా ఆయన ఉంటే ఇదే మాట అనేవాడు. ఆయన లేడు కాబట్టి నేను అంటున్నాను.

భద్రాచలంలో ఈ హోటల్ కౌంటర్ నేను చూసుకుంటాను. కింద భోజనాల హాలు, పైన మూడంతస్తుల గదులు. మేము ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లం, మా దగ్గర దిగేవాళ్లు రాముడి దర్శనానికి వచ్చేవాళ్లు. నేను ప్రార్థన ముగించుకుని వచ్చి వాళ్లకు గుడి తలుపులు తీసే వేళ చెబుతాను, పర్ణశాలకు ఆటో మాట్లాడి పెడతాను. ఇందులో వాళ్లకూ నాకూ ఎప్పుడూ తేడా రాలేదు.

మా ఆయన పాల్వంచ థర్మల్ స్టేషన్‌లో షిఫ్టు ఉద్యోగి. ఊరందరికీ కరెంటు చేసి పంపేవాళ్లలో ఒకడన్నమాట. మా కాపురం మాత్రం ఆ షిఫ్టుల కింద పడి నలిగిపోయింది. మేము కంపెనీ క్వార్టర్లో ఉండేవాళ్లం. నేను పొద్దున్నే బస్సెక్కి, గోదావరి వంతెన దాటి పనికి వచ్చేదాన్ని. నేను బయల్దేరేటప్పటికి ఆయన నైట్ షిఫ్టు నుంచి వచ్చి ఉండేవాడు కాదు. నేను ఇంటికి చేరేటప్పటికి నిద్రలోనో, ఇంకో షిఫ్టులోనో ఉండేవాడు. మా మాటలన్నీ పొయ్యి పక్కన మూత పెట్టిన గిన్నెలే. ఆయన మీద కోపం వస్తే చారులో చింతపండు రెండింతలు పిసికేదాన్ని. మర్నాడు చూస్తే ఆ గిన్నె ఖాళీగా, శుభ్రంగా కడిగి బోర్లించి ఉండేది. ఆ మనిషికి నా కోపం అందిందో లేదో తెలిసేది కాదు. దాంతో ఇంకా కోపం వచ్చేది.

నాకు పెద్ద కోరికలేమీ ఉండేవి కావు. ఇద్దరం ఒకే వేళకు ఎదురెదురుగా కూర్చుని రాత్రి అన్నం తినాలి. అంతే. పండగ పూట కుదిరేది, లేదంటే ఎవరైనా పోయినప్పుడు కుదిరేది. కూతురి పెళ్లి చేసి ఖమ్మం పంపాక ఇంట్లో ఇద్దరమే మిగిలాం గానీ, ఆ ఇద్దరం కూడా వంతులవారీగానే ఇంట్లో ఉండేవాళ్లం. రిటైరయ్యాక చూసుకుందాం అనుకుంటూ ఏళ్లు నెట్టాను.

ఆయన రిటైరయ్యాడు. క్వార్టర్ ఖాళీ చేసి, నాకు నడక దూరమని భద్రాచలంలోనే కిరాయి ఇల్లు తీసుకున్నాం. ఇక నా కోరిక తీరినట్టేనని సంబరపడ్డాను. కానీ వచ్చిన మనిషి వేరు. పగలంతా గోడవైపు తిరిగి పడుకునేవాడు. నేను పళ్లెం ముందు పెడితే నాలుగు ముద్దలు తిని లేచేవాడు. ఏమయిందని అడిగితే ఏం కాలేదనేవాడు. మెషిన్ల హోరు లేకపోతే నిద్ర పట్టడం లేదని ఒకసారి అన్నాడు. ఇంకోసారి, "నేను లేకున్నా అది తిరుగుతనే ఉంది గదా," అని అన్నాడు. అది అంటే ఆయన పనిచేసిన యూనిట్. అన్నాళ్లూ మనిషి దొరకలేదని ఏడిచాను. తీరా దొరికాక ఆ మనిషిలో మాట లేదు. ఇలాగే మౌనంగా ముదిరిపోయి, ఒకరోజు అలాగే గోడవైపు తిరిగి పోతాడేమోనని నాకు భయం పట్టుకుంది. ఎవరికి చెప్పుకోను? చెబితే, మొగుడు ఇంట్లో ఉంటే కూడా బాధేనా అని నవ్వుతారు.

ఆ ఏడు వానాకాలం గోదావరి పొంగింది. మాకు గోదావరి పొంగడం కొత్త కాదు. మొదటి హెచ్చరికకు ఒడ్డుకు పోయి చూసి వస్తాం, రెండో దానికి బియ్యం అటక ఎక్కిస్తాం. మూడో హెచ్చరిక మైకులో వినపడితే మాత్రం తాళాలు వేసుకుని కదులుతాం. ఈసారి మా కాలనీలోకి నీళ్లు ముందే వచ్చేశాయి. ఇంటికి తాళం వేసి, బట్టల మూటలతో నేరుగా హోటల్‌కు వచ్చాం. హోటల్ మిట్ట మీద ఉంది కాబట్టి మెట్ల దగ్గరే నీళ్లు ఆగాయి. వంతెన మీద బండ్లు ఆపేశారు. మా ఓనరు పనిమీద ఖమ్మం పోయి అటే ఉండిపోయాడు. దర్శనానికి వచ్చిన జనం మా గదుల్లో ఇరుక్కుపోయారు. ట్రాన్స్‌ఫార్మర్ మునిగి కరెంటు పోయింది. ఓనరు ఫోన్ చేసి, ఉన్న డీజిల్‌తోటి ఎట్లనో నెట్టుకురమ్మని నాకు అప్పగించాడు. డీజిల్ తెచ్చే బండి కూడా వంతెన అవతలే ఉంది మరి.

మొదటి సాయంత్రం నేను జనరేటర్ వేయించి అన్ని అంతస్తులకూ లైట్లిచ్చాను. అతిథులకు లోటు రాకూడదనే బుద్ధి. మా ఆయన కౌంటర్ పక్కన మూటల మీద కూర్చుని పైకి, కిందకి చూశాడు. తర్వాత లేచి జనరేటర్ గదిలోకి వెళ్లాడు. తిరిగి వచ్చి, రిటైరయ్యాక మొదటిసారి నాతో గట్టిగా మాట్లాడాడు.

"ఇగో, గిట్ల కాలిస్తే ఎల్లుండికి చీకట్ల కూసుంటవ్. అందర్ని ఒక్క అంతస్తుకు దించు."

నాకు కోపం రావాలి. రాలేదు. ఆ గొంతు విని ప్రాణం లేచి వచ్చింది.

ఇక హోటల్ ఆయన చేతిలోకి పోయింది. పై రెండంతస్తులు మూసేశాం. అందరూ మొదటి అంతస్తులోకి సర్దుకున్నారు, మా ఇద్దరికీ మూల గది వచ్చింది. లిఫ్టు, ఏసీలు, గీజర్ల ఫ్యూజులన్నీ పీకి నా సొరుగులో పడేశాడు. జనరేటర్ పొద్దున ఒక విడత, సాయంత్రం ఒక విడత. పొద్దున విడతలోనే ట్యాంకుకు నీళ్లెక్కాలి, గ్రైండర్ తిరగాలి. సాయంత్రం విడత హాల్లో వెలుగుకు, ఫోన్ల చార్జింగుకు. ఎవరి ఫోను ఎవరిదో కలిసిపోకుండా గది తాళంచెవుల బిళ్లలు తీసి ఫోన్లకు రబ్బరు బ్యాండ్లతో కట్టాను, అది నా తెలివే. హాల్లో ఒక్క ట్యూబ్‌లైటు సరిపోక జనం గొణుగుతుంటే, దాని వెనక గోడకు ఉతికిన తెల్ల దుప్పటి కట్టాం. వెలుగు హాలంతా పరుచుకుంది.

గ్యాసు కూడా అంతంతమాత్రమే. మా వంటింట్లో పనిచేసేవాళ్లు అడవి ఊళ్ల నుంచి వచ్చిన అక్కాచెల్లెళ్లు ఇద్దరు. తమలో తాము కోయ మాట్లాడుకుంటారు, నన్ను తిట్టేటప్పుడు కూడా అదే మాట్లాడతారని నా అనుమానం. అన్నం సగం ఉడకగానే గుండిగ దించి గోనెపట్టాలూ రగ్గులూ చుట్టి మూల పెట్టేవాళ్లు. మిగతా సగం తన వేడికి తనే ఉడికేది. మొదటిరోజు నీళ్లు ఎక్కువ పోశారు. అన్నం జావయింది. దానికి గంజి అని పేరు పెట్టి, నంజుకోవడానికి ఉల్లిపాయ పెట్టి వడ్డించాం. జనం అడిగి మరీ తాగారు. ఆకలి రుచెరుగదన్న మాట ఊరికే పుట్టలేదు.

ఒక్క పని దగ్గర మాత్రం మా ఆయనకూ నాకూ పడలేదు. సాయంత్రం జనరేటర్ ఆపే ముందు ఆయన మొదటి అంతస్తు అంతా తిరిగేవాడు. ప్రతి తలుపూ వేలి కణుపుతో రెండుసార్లు తట్టి, "బంద్ చేస్తున్న," అనేవాడు. లోపలి నుంచి "కానియ్యి" అని జవాబు రావాలి. వస్తేనే పక్క తలుపుకు కదిలేవాడు. అన్ని తలుపుల జవాబులూ వచ్చాకే కిందికి దిగి మెషిన్ ఆపేవాడు. చెప్పి ఆపేస్తే చాలదా, జవాబు దేనికి అని నేను సణిగేదాన్ని.

ముదిగొండ వైపు నుంచి ఒక మిర్చి రైతు కుటుంబం దర్శనానికి వచ్చి మా దగ్గర ఆగిపోయింది. వాళ్లలో పెద్దామెకు బొత్తిగా వినపడదు. ఒక సాయంత్రం కొడుకూ కోడలూ హాల్లో ఉన్నారు, ఆమె ఒక్కతే గదిలో ఉంది. మా ఆయన తట్టాడు, చెప్పాడు. జవాబు లేదు. మళ్లీ తట్టాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. కింద డీజిల్ మండుతోంది, నా కడుపూ మండుతోంది. పైకి పోయి, ఆమెకు వినపడదు గదా, ఇంక ఆపెయ్ అన్నాను.

"జవాబు రాంది నేను ముట్ట," అన్నాడు. "లోపల ఏం పనిల ఉందో మనకేమెరుక? ఉన్నపళంగ చీకటైతే పడదా మనిషి? మా పనిల అవతలోడు సరే అనంది స్విచ్చి మీద చెయ్యెయ్యం."

విసుక్కుంటూ వెళ్లి నా దగ్గరున్న తాళంతో తలుపు తీశాను. పెద్దామె మంచం మీద కూర్చుని తీరిగ్గా తల దువ్వుకుంటోంది. మమ్మల్ని చూసి అన్నమైందా అని అడిగింది. మా ఆయన బల్బు చూపించి, చేత్తో తిప్పి సైగ చేశాడు. ఆమెకు అర్థమయ్యి ఎంత నవ్విందో. "కానియ్యి బిడ్డా, నాకు లైటుతోటి ఏం పని," అంది. మర్నాటి నుంచి చీకటి పడితే చాలు, ఎవరూ తట్టకముందే గదిలోంచి "కానియ్యి, కానియ్యి" అని కేకలు పెట్టేది. అంతస్తంతా నవ్వేవాళ్లు. వంటింటి అక్కాచెల్లెళ్లు ఆయనకు కరెంటు బావ అని పేరు పెట్టారు. ఆయనకు ఆ పేరు నచ్చింది. నచ్చలేదన్నట్టు మొహం పెట్టేవాడు గానీ, పిలిస్తే పలికేవాడు.

అతిథుల భోజనాలయ్యాకే మా భోజనాలు. అప్పటికి జనరేటర్ ఆగిపోయేది. మెషిన్ ఆపి, చేతులు కడుక్కుని, ఆయన రెండు పళ్లేలు పట్టుకుని మెట్ల దగ్గరికి వచ్చేవాడు. కింద మెట్టు దాకా వచ్చి ఆగిన నీళ్లు, పైన మేము. చీకట్లో నా పళ్లెం అంచు తడిమి చూసుకుని ఆవకాయ వేసేవాడు. మొహాలు కనపడవు, మాట ఒక్కటే వినపడుతుంది. వెలుగులో నోరు విప్పని మనిషి ఆ చీకట్లో ఆగకుండా మాట్లాడేవాడు. కంట్రోల్ రూములో తెల్లవారుజామున కునుకు రాకుండా ఏం పాటలు పాడుకునేవాళ్లో, చలికాలం బాయిలర్ దగ్గర చోటు కోసం ఎలా పోటీపడేవాళ్లో అన్నీ చెప్పాడు. నేను పెళ్లాడిన మనిషిని ఆ మెట్ల మీద కొత్తగా విన్నాను.

ఒక సాయంత్రం అన్నంలో చారు కలుపుకుంటూ ఉన్నట్టుండి అడిగాడు.

"అవ్ గానీ, క్వార్టర్ల ఉన్నప్పుడు నువ్వు చారుల అంత చింతపండు ఎందుకేస్తుంటివి?"

కోపంతో అని చెప్పాను. ఆయన ముద్ద నోటి దగ్గరే ఆపినట్టున్నాడు, చప్పుడు ఆగింది.

"నీకు పులుపు ఇష్టమనుకున్న. నువ్వు ఇష్టంగ చేసినవ్ గదాని గిన్నె ఊడ్చుకొని తాగుతుంటి."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. చీకటి కాబట్టి రెండూ దాచుకోలేదు. పళ్లెం పక్కన పెట్టి ఆయన భుజానికి తల ఆనించాను. ఇంతమంది మధ్య అలా కూర్చోవడం నా జన్మలో లేదు. ఎవరూ చూడలేదు. చూసినా ఏం పోయిందని ఇప్పుడనిపిస్తుంది.

నీళ్లు తీశాయి. వంతెన మీద బండ్లు తిరిగాయి. ముదిగొండ పెద్దామె మా ఆయన తల నిమిరి, బల్బు వైపు చెయ్యి తిప్పి చూపించి, నవ్వుతూ బస్సెక్కింది. మా వీధికి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ రావడం మాత్రం ఆలస్యమైంది. బురద ఎత్తిపోసుకునేవాళ్లు, లైను వేసేవాళ్లు, వచ్చి పోయే ఆఫీసు మనుషులు మా హోటల్లోనే దిగారు. అవే పద్ధతులు నడిచాయి. జల్దీ కరెంటు రావాలని అందరూ మొక్కుకున్నారు. ఆదివారం చర్చిలో నేనూ మోకరించాను. కరెంటు రావద్దని దేవుణ్ని అడగలేదు గానీ, రమ్మని కూడా అడగలేదు.

ఒకరోజు సాయంత్రం అందరూ హాల్లో తింటుండగా వచ్చేసింది. ఫ్యాన్లన్నీ ఒక్కసారి తిరిగాయి, పై అంతస్తుల్లో ఎక్కడో టీవీ మోగింది. జనం చప్పట్లు కొట్టారు. పళ్లేలు పట్టుకుని ఎవరి గదుల్లోకి వాళ్లు పోయారు. తెల్ల దుప్పటి కట్టిన హాల్లో మేమిద్దరం మిగిలాం. అంత వెలుగులో ఒకరి మొహం ఒకరం చూసుకోవడానికి సిగ్గేసింది. ఆయన దుప్పటి విప్పి మడత పెట్టాడు. తర్వాత ఎవరో వెలిగించి వదిలేసిన వరండా లైటు ఆపడానికి పైకి పోయాడు. ఖాళీ వరండా అయినా తలుపు తట్టి చెప్పే ఆపాడు, కింద నుంచి విన్నాను.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు. మేము దీపం లేనప్పుడు చక్కబెట్టుకున్నాం. నయమేమిటంటే, కరెంటు వచ్చాక ఆయన మళ్లీ గోడవైపు తిరగలేదు. కడిగి సున్నం వేసుకున్న ఇంట్లోకి తిరిగి వెళ్లాక రోజూ అన్నం వేళకు ఇంటి లైటు ఆపేవాడు. పక్కింటివాళ్లు మాకు ఫ్యూజు పోయిందనుకునేవాళ్లు. ఆపే ముందు నా దగ్గరికి వచ్చి, నేను కూర్చున్న పీట మీద రెండుసార్లు తట్టేవాడు. నేను కానియ్యి అనేదాన్ని. అలిగితే అనేదాన్ని కాదు. అప్పుడు లైటు వెలుగుతూనే ఉండేది, ఆయన స్విచ్చి దగ్గర నిలబడే ఉండేవాడు. చివరికి నేనే ఓడిపోయేదాన్ని.

ఆ సుఖం ఎక్కువ కాలం నిలవలేదు. ఆ చలికాలమే ఆయనకు ఊపిరి ఆడటం కష్టమైంది. ఖమ్మంలో కూతురి ఇంటికి దగ్గరలో ఉన్న దవాఖానాలో చేర్చాం. మూతికి మాస్కు పెట్టారు, మాట లేదు. ఒక మధ్యాహ్నం కూతురు అన్నం తేవడానికి ఇంటికి వెళ్లింది. ఎండ కిటికీలోంచి మంచం దాకా వచ్చింది. ఆయన కళ్లు తెరిచి నన్ను చూశాడు. చెయ్యి మెల్లగా జరిపి, మంచం ఇనుప కడ్డీ మీద వేలి కణుపుతో రెండుసార్లు తట్టాడు.

నాకు అర్థమైంది. అర్థం కానట్టు దుప్పటి సర్దాను. మళ్లీ తట్టాడు. నా మొహంలోకే చూస్తున్నాడు. నేను పళ్లు బిగించి నోరు మూసుకున్నాను. జవాబు రానిదే ఈ మనిషి ముట్టడు, అది ఒక్కటే నా ధైర్యం. నేను అనకపోతే ఆగుతాడు, ఎంతసేపైనా నిలబడతాడు, డీజిల్ కాలిపోతున్నా కదలడు. ఆ చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. కూతురు అన్నం గిన్నెతో వచ్చేసరికి ఆయన వెళ్లిపోయాడు. బతుకంతా తప్పని పద్ధతి నా దగ్గర తప్పాడు. ఆ కోపం నాకు ఇంకా తీరలేదు.

హోటల్లో ఇప్పుడు పైకప్పు మీద సోలార్ పలకలున్నాయి, వరండాల్లో ఆ మర్యాద లేని లైట్లున్నాయి. వరదప్పుడు పెట్టుకున్న పద్ధతుల్లో కొన్ని అలాగే ఉంచాం. అన్నం గుండిగకు ఇప్పటికీ రగ్గు చుడతారు. జనం తక్కువ ఉన్న రోజుల్లో పై అంతస్తులు మూసేస్తాం. అప్పుడప్పుడూ ఎలక్ట్రీషియన్ వచ్చి మెయిన్ ఆపి బోర్డులన్నీ చూసుకుంటాడు. గదుల్లో ఉన్నవాళ్లకు ఫోన్ చేసి చెబితే సరిపోతుంది. నేను మాత్రం మోకాళ్ల నొప్పితో మెట్లెక్కి ప్రతి తలుపూ తడతాను. జవాబు వచ్చాకే పక్క తలుపుకు వెళతాను. కొత్తగా చేరినవాళ్లు నవ్వుకుంటారు. ఎలక్ట్రీషియన్ నవ్వడు. ఆ వానాకాలం అతనూ మా హాల్లోనే గంజి తాగాడు.

మొన్న కూడా అలాగే తట్టుకుంటూ వెళ్లాను. లైట్లు నా ముందు వెలుగుతూ, వెనక ఆరుతూ వచ్చాయి. అన్ని గదులూ పలికాయి. చివర మూల గది మిగిలింది, వరదప్పుడు మేమున్నది. ఆ రోజు అందులో ఎవరూ దిగలేదు, తాళంచెవి కౌంటర్లో నా వెనకాలే వేలాడుతోంది. అయినా రెండుసార్లు తట్టాను. బంద్ చేస్తున్న అన్నాను. తలుపుకు చెవి ఆనించి నిలబడ్డాను. కదలకుండా నిలబడితే వరండా లైటు ఆరిపోతుంది, ఆరిపోయింది.

కింద నుంచి ఎలక్ట్రీషియన్ పిలిచాడు. "అక్కా, అందరూ సరే అన్నరా? బంద్ చెయ్యనా?"

"ఒక్క గది పలకలే," అన్నాను. "కొంచెం ఆగు."

అతను ఆగాడు.